ముందు తన మీద, తరువాత వాళ్ళ మీద: డిక్ గ్రెగరీ హాస్యంలో పనితనం

అందరికీ నమస్కారం.

అమెరికా నల్లజాతి కమెడియన్ డిక్ గ్రెగరీ అనగానే అతని ధైర్యం గురించి మాట్లాడటం అలవాటైపోయింది. జైలుకు వెళ్ళాడు, కాలికి తుపాకీ గుండు తగిలింది, వారాల తరబడి నిరాహార దీక్షలు చేశాడు. అన్నీ నిజమే, వాటిలో కొన్నిటి దగ్గరకు వస్తాను. అయితే అతను వృత్తిరీత్యా కమెడియన్, చేతిపని బాగా తెలిసిన మనిషి. 1961లో, 28 ఏళ్ళ నల్లజాతి యువకుడు తెల్లవాళ్ళ క్లబ్బులో కూర్చుని, వర్ణవివక్ష మీద జోకులు వేసి, వాళ్ళనే నవ్వించి, వాళ్ళ దగ్గరే డబ్బు తీసుకుని బయటికి ఎలా రాగలిగాడు? ఆ చేతిపని చూస్తేగానీ అది బోధపడదు. అందుకని ముందు ఒక జోకు విప్పి చూద్దాం.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఒక రెస్టారెంట్‌కు వెళ్ళాడట. తెల్ల వెయిట్రెస్ వచ్చి, 'మేమిక్కడ నల్లవాళ్ళని సర్వ్ చెయ్యం' అంది. 'ఫరవాలేదు, నేను నల్లవాళ్ళని తినను. నాకో వేయించిన కోడి పట్రండి' అన్నాడు. ఇంగ్లీషులో సర్వ్ చెయ్యడం అంటే మనిషికి వడ్డించడమూ అవుతుంది, వంటకాన్ని వడ్డించడమూ అవుతుంది. ఆవిడ ఒక అర్థంలో అంది, ఇతను ఇంకో అర్థంలో విన్నాడు. కోడి వచ్చింది. ముగ్గురు తెల్లవాళ్ళు వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. 'ఆ కోడిని నువ్వేం చేస్తే, నిన్ను మేమదే చేస్తాం' అన్నారు. గ్రెగరీ కత్తీ ఫోర్కూ కింద పెట్టాడు. కోడిని చేతుల్లోకి తీసుకున్నాడు. ముద్దు పెట్టుకున్నాడు.

ఇందులో మొదటి సగం మాటల గారడీ. భాష మీద పట్టున్న ఎవరైనా రాయగలరు. రెండో సగం చూడండి. బెదిరింపు ఎలా వచ్చిందో అలాగే ఉంచాడు. వాళ్ళు పెట్టిన షరతును అక్షరాలా పాటించాడు. ఒక్క తిట్టు లేదు, ఒక్క ఎదురు మాట లేదు. వాళ్ళ షరతే వాళ్ళ మెడకు చుట్టుకుంది. హాల్లో కూర్చున్న దక్షిణాది తెల్లవాడు కూడా నవ్వకుండా ఉండలేడు, ఎందుకంటే అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. నవ్వు ఆగాక మాత్రం ఒక విషయం మిగులుతుంది: కోడి తినాలనుకున్నందుకు ఒక మనిషిని ముగ్గురు చుట్టుముట్టారు. అది జోకు కాదు, ఆ రోజుల్లో ఉన్న సంగతి.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది కత్తీ ఫోర్కూ కింద పెట్టడం. అది తీసేసి నేరుగా ముద్దు దగ్గరికి వెళ్తే నవ్వు సగమవుతుంది. అవి కింద పెట్టిన క్షణంలో ప్రేక్షకుడు, 'లొంగిపోతున్నాడు' అనుకుంటాడు. ఆ ఊహ నిలబడటానికి ఒకటి రెండు సెకన్లు కావాలి. రాసేటప్పుడు అనవసరం అనిపించి కొట్టేసే వాక్యం ఇదే. చాలామంది కొత్తవాళ్ళు కొట్టేస్తారు కూడా.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. 1932 అక్టోబరు 12న మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. కడు పేదరికం. పరుగు పందేల్లో మెరికలాంటివాడు కావడంతో సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీలో చోటు దొరికింది. చదువు మధ్యలో సైన్యం పిలిచింది. అక్కడ వినోద కార్యక్రమాల్లో హాస్యం చెప్పడం మొదలుపెట్టాడు. తరువాత చికాగో చేరి పగలు చిన్నా చితకా ఉద్యోగాలు, రాత్రి నల్లవాళ్ళ క్లబ్బుల్లో ప్రదర్శనలు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరు చేసే పనిలో ఉన్నప్పుడు, మిసిసిపీకి వెళ్ళే ఉత్తరాలను విదేశీ గూట్లో పడేసేవాణ్ణని చెప్పేవాడు. చికాగో శివారు రాబిన్స్‌లో ఎపెక్స్ అని సొంత క్లబ్బు పెట్టాడు, అది మునిగిపోయింది.

ఆ రోజుల్లో అతనికి రాత్రికి పది డాలర్లు వచ్చేవి. ఆ చిన్న క్లబ్బుల్లోనే అతి కష్టమైన పాఠం ఎదురైంది. ప్రేక్షకుల్లోంచి ఎవడో నల్లవాళ్ళను కించపరిచే ఆ తిట్టు విసిరాడు. హాలు ఒక్కసారిగా చల్లబడిపోయింది. అప్పుడు గ్రెగరీ, 'విన్నారా, నన్ను రాయ్ రోజర్స్ గుర్రం పేరు పెట్టి పిలిచాడు' అన్నాడు. రాయ్ రోజర్స్ కౌబాయ్ నటుడు, అతని గుర్రం పేరు ట్రిగ్గర్. ఆ తిట్టుకీ ట్రిగ్గర్‌కీ ప్రాస కుదురుతుంది. హాలు ఊపిరి పీల్చుకుంది.

ఆ పూట గడిచింది. కానీ తిట్టు మళ్ళీ వస్తుందని అతనికి తెలుసు. అదృష్టం మీద ఆధారపడకూడదనుకుని ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. భార్య లిలియన్ భోజనాల బల్ల దగ్గర తిట్లు విసురుతూ ఉంటే, ఇతను జవాబులు వెతుక్కునేవాడు. అలా తయారైన జవాబు ఇది: 'ఆ మాట వినబడ్డప్పుడల్లా నాకు యాభై డాలర్లు ఎక్కువివ్వాలని నా ఒప్పందంలో ఉంది. వచ్చేది పది డాలర్లు. ఈ యజమానిని దివాలా తీయించాలని ఉంది, దయచేసి అందరూ లేచి నిలబడి ఆ మాట అరవండి.'

హాల్లోంచి వచ్చే అరుపుకి ఆశువుగా జవాబు చెప్పాడని మనం మెచ్చుకుంటాం. ఆశువు కనబడేలా చెయ్యడం కూడా సాధనే. రాజకీయ హాస్యం చేసేవాళ్ళకు ఇది మరీ అవసరం, ఎందుకంటే వాళ్ళకు వచ్చే అరుపులు పదో పదిహేనో రకాలకు మించవు. ఏవి వస్తాయో ముందే తెలుస్తుంది. ప్రతి దానికీ రెండు జవాబులు రాసి పెట్టుకోవాలి. జవాబులో కోపం ధ్వనించకూడదు. కోపం బయటపడిందంటే హాలు అరిచినవాడి పక్షం చేరకపోవచ్చు గానీ, కమెడియన్ మీద జాలిపడటం మొదలుపెడుతుంది. జాలిపడ్డవాళ్ళు నవ్వరు.

జాలి అన్నాను కదా, అతని లెక్క అంతా అక్కడే ఉంది. 1964లో వచ్చిన ఆత్మకథలో ఆ లెక్క తనే చెప్పాడు. తన మీద తను జాలిపడని మనిషిలా వేదిక ఎక్కాలి, అప్పుడు వాళ్ళు జాలిపడలేరు. వాళ్ళ మీదా వాళ్ళ సమాజం మీదా జోకు వెయ్యడానికి ముందు తన మీద జోకు వేసుకోవాలి, అప్పుడు వాళ్ళు ద్వేషించలేరు. ఈ వరుస తప్పితే ఎంత మంచి జోకైనా పడదు. ముందుగా తన డబ్బు కష్టాలు, తన సంసారం. ఆ తరువాత అందరికీ తెలిసిన వార్తలు. హాలు చేతికి వచ్చిందని తెలిశాక వివక్ష. మొదటి రెండు మూడు నిమిషాల్లో ప్రేక్షకుడు ఒక్క విషయమే తేల్చుకుంటాడు: ఈ మనిషి నన్ను నవ్వించడానికి వచ్చాడా, నిందించడానికి వచ్చాడా? ఆ జవాబు దొరక్కముందే నిందిస్తే తలుపు మూసుకుంటుంది, మళ్ళీ తెరుచుకోదు.

1961 జనవరి 13న ఈ వరుసకు అసలైన పరీక్ష వచ్చింది. చికాగో ప్లేబాయ్ క్లబ్బులో ప్రొఫెసర్ ఇర్విన్ కోరీ అనే కమెడియన్ స్థానంలో ఒక్క రాత్రికి పిలిచారు. తీరా చూస్తే హాలు నిండా దక్షిణాది నుంచి వచ్చిన ఫ్రోజెన్ ఫుడ్ కంపెనీల అధికారులు. గొడవ అవుతుందేమోనని క్లబ్బువాళ్ళు వద్దన్నా గ్రెగరీ వేదిక ఎక్కాడు. మొదట్లో మాటలు పడ్డాయి, తరువాత నవ్వులు వచ్చాయి. యజమాని హ్యూ హెఫ్నర్ చూశాడు. ఒక్క రాత్రి పని వారాల పనైంది. ఆ ఫిబ్రవరిలోనే టైమ్ పత్రిక అతని గురించి రాసింది.

అతను ఎలా కనబడేవాడో కూడా చెప్పాలి. మంచి సూటు, ఎత్తు స్టూలు, చేతిలో సిగరెట్. పరుగులు లేవు, ముఖం వికారంగా పెట్టడం లేదు, యాస మార్చడం లేదు. అంతకుముందు తెల్ల ప్రేక్షకులు నల్ల కమెడియన్ నుంచి ఆశించినవి అవే. అవన్నీ తీసేస్తే మిగిలేది కూర్చుని మాట్లాడుతున్న మనిషి. ఇక ఆ సిగరెట్ అలవాటు కోసం పట్టుకున్నట్టు కనబడుతుంది గానీ, పని చేసేది గడియారంలా. జోకు వేసి, ఒక దమ్ము లాగి, పొగ వదిలే లోపు నవ్వు లేచి పడుతుంది. ఆ సమయంలో అతను నవ్వు కోసం ఎదురు చూస్తున్నట్టు ఉండదు. నవ్వు రాకపోయినా ఇబ్బంది పడ్డట్టు కనబడదు. చేతిలో ఏమీ లేని కమెడియన్ నవ్వు పూర్తి కాకుండానే తరువాతి వాక్యం మొదలుపెట్టేస్తాడు. ఇది ఎంతోమందిని దెబ్బతీసే పొరపాటు. సిగరెట్టే అక్కరలేదు, మంచినీళ్ళ గ్లాసు అదే పని చేస్తుంది.

ఇప్పుడు విషయం ఎంచుకోవడం. క్లబ్బు హాస్యంలో నిమిషానికి నాలుగైదు నవ్వులు రావాలని వృత్తిలో ఉన్నవాళ్ళ అంచనా. నిమిషానికి ఇంగ్లీషులో నూట యాభై మాటలు చెబుతారనుకుంటే, ఒక్కో నవ్వుకు ముప్పై నలభై మాటలే దక్కుతాయి. రాజకీయ జోకుకి అదే అసలు చిక్కు. వార్త చెప్పాలి, నేపథ్యం చెప్పాలి, అప్పుడు జోకు. ముప్పై మాటలు నేపథ్యానికే చాలవు. అందుకని నేపథ్యం అప్పటికే ప్రేక్షకుడి బుర్రలో ఉన్న విషయాన్నే తీసుకోవాలి.

గ్రెగరీ జోకు ఒకటి: లంచ్ కౌంటర్ దగ్గర నెలల తరబడి బైఠాయించాను, తీరా వాళ్ళు వడ్డించడానికి ఒప్పుకున్నాక చూస్తే నాకు కావలసింది వాళ్ళ దగ్గర లేదు. రెండు వాక్యాలు, వివరణ ఏమీ లేదు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్ల విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్ళ కౌంటర్ దగ్గర కూర్చున్నారు. జూలై 25 దాకా, దాదాపు ఆరు నెలలు పట్టింది ఆ కౌంటర్ అందరికీ తెరుచుకోవడానికి. దేశమంతా ఆ ఫొటోలు చూసింది. నేపథ్యమంతా పత్రికలు చెప్పేశాయి, ఇతను చివరి వాక్యం మాత్రం చెప్పాడు. పైగా ఆ వాక్యంలో మామూలు మనిషి విసుగు ఉంది. హోటల్లో అడిగింది దొరక్కపోతే ఎవరైనా విసుక్కుంటారు. ఉద్యమకారుడు ఒక్క క్షణంలో మనలాంటి కస్టమర్ అయిపోయాడు.

ఇలాంటివి ఒంటరిగా కూర్చుని రాసినవి కావు. అతను రచయితలను పెట్టుకున్నాడు. రాబర్ట్ ఆర్బెన్ అనే రచయిత జోకులు రాసిచ్చాడు. ఆ ఆర్బెన్ తరువాత అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ప్రసంగ రచయితల బృందానికి నాయకుడయ్యాడు. రాజకీయ హాస్యం అంటే ఒక్కడి గుండె మంట అని అనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. వార్త మీద వేసిన జోకు కొద్ది రోజుల్లోనే పాతబడుతుంది, నెల తిరిగేసరికి చచ్చిపోతుంది. రోజూ కొత్త సరుకు కావాలి. ఒక్క మనిషి వల్ల కాదు.

టెలివిజన్‌ సంగతి. ఎన్‌బీసీలో జాక్ పార్ నడిపే టునైట్ షో నుంచి పిలుపు వచ్చింది. ఏ కమెడియన్‌కైనా అది పెద్ద మెట్టు. అయితే గాయకుడు బిల్లీ ఎక్స్‌టీన్ అతనికి ఒక సంగతి చెప్పాడు: ఆ షోలో నల్ల కళాకారులు పని చేసి వెళ్ళిపోతారు, ఆ తరువాత పార్ పక్కన సోఫాలో కూర్చోబెట్టి మాట్లాడించరు. గ్రెగరీ రానన్నాడు. చివరికి పార్ స్వయంగా ఫోన్ చేశాడు. సోఫా ఇస్తేనే వస్తానన్నాడు. ఇచ్చారు.

సోఫా కోసం అంత పట్టు ఎందుకు? వేదిక మీద ఉన్నవాడు వినోదం. సోఫాలో ఉన్నవాడు అతిథి. సోఫాలో అతను తన పిల్లల గురించి మాట్లాడాడు. ఇంట్లో కూర్చుని చూస్తున్న లక్షలమంది తెల్లవాళ్ళకు ఒక నల్ల తండ్రి తన పిల్లల గురించి మామూలుగా మాట్లాడటం చూడటమే కొత్త. ఆ కొన్ని నిమిషాల్లో జోకుల కంటే ఎక్కువ రాజకీయం ఉందని నా నమ్మకం. అతని రేటు కూడా అక్కడి నుంచే పెరిగింది.

ఇక దక్షిణాది. 1962 చివర్లో మిసిసిపీలోని లెఫ్లోర్ కౌంటీ అధికారులు పేదలకు అందే ప్రభుత్వ ఆహార పంపిణీ ఆపేశారు. నల్లవాళ్ళు ఓటు నమోదుకు వెళ్తున్నారన్నదే కోపం. 1963 ఫిబ్రవరిలో గ్రెగరీ విమానం మాట్లాడుకుని 14,000 పౌండ్ల ఆహారం, అంటే ఆరు వేల కిలోలకు పైగా, పంపిణీకి తీసుకెళ్ళాడు. ఏప్రిల్‌లో గ్రీన్‌వుడ్ వీధుల్లో నడిచాడు. మే నెలలో బర్మింగ్‌హామ్‌లో జైలుకు వెళ్ళాడు. 1964 జూన్‌లో మిసిసిపీలో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తలు కనబడకుండా పోతే, ఆచూకీ చెప్పినవారికి 25,000 డాలర్ల బహుమతి ప్రకటించాడు. 1965 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్‌లో అల్లర్లు చల్లార్చబోతే కాలికి గుండు తగిలింది.

ఈ ఊళ్ళలో రాత్రిపూట చర్చిల్లో సభలు జరిగేవి. అక్కడా అతను జోకులు చెప్పేవాడు, కానీ ఆ జోకు చేసే పని వేరు. క్లబ్బులో ఉన్నది అధికారం ఉన్నవాళ్ళు, వాళ్ళ తలుపు తెరవాలి. చర్చిలో ఉన్నది భయపడుతున్నవాళ్ళు, వాళ్ళ భయం దించాలి. బయట కాపు కాస్తున్న పోలీసు మీద లోపల నలుగురూ కలిసి నవ్వితే, రేపు పొద్దున అతని ఎదుటికి నడవడం కొంచెం తేలికవుతుంది. అందుకే అక్కడ తన మీద తను జోకు వేసుకోవాల్సిన పని లేదు. మెల్లగా పోనక్కరలేదు. మొదటి వాక్యం నుంచే పోలీసు మీదకు వెళ్ళవచ్చు. ఎదుట ఎవరున్నారన్నది మారితే వరుస మారుతుంది.

దీనికి మూల్యం కూడా ఉంది. క్లబ్బు ఒప్పందం అంటే ఫలానా వారం, ఫలానా గంటకు, మనిషి వేదిక మీద ఉండాలి. యజమాని ప్రకటనలు ఇచ్చుకుంటాడు, టిక్కెట్లు అమ్ముకుంటాడు. అల్లరి జరిగిన ఊరికి విమానం ఎక్కేస్తే ఆ వారం పోయింది. ఒకసారి క్షమిస్తారు, మూడోసారి పిలవరు. గ్రెగరీ విషయంలో జరిగింది అదే. ఎవరో పెద్దలు నిషేధించారని తేల్చేసే ముందు ఈ మామూలు లెక్క కూడా చూడాలి. అలాగని పెద్దలు ఊరుకోలేదు. 1968 మే నెలలో ఎఫ్‌బీఐ డైరెక్టర్ ఎడ్గర్ హూవర్ పంపిన మెమో ఒకటి తరువాత బయటపడింది. గ్రెగరీ మాఫియాను విమర్శించాడు కాబట్టి ఆ సంగతి మాఫియా చెవిన వేసే ఆలోచన చెయ్యమని దాని సారాంశం. ఒక ప్రభుత్వ సంస్థ ఒక హాస్యగాడి మీద ఇలాంటి ఆలోచన చేసిందంటే చదువుతుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అదే ఏడాది అధ్యక్ష పదవికి ఫ్రీడమ్ అండ్ పీస్ పార్టీ తరఫున నిలబడ్డాడు. 47,000 పైచిలుకు ఓట్లు వచ్చాయి. ప్రచార కరపత్రాన్ని ఒక డాలర్ నోటు రూపంలో, వాషింగ్టన్ బొమ్మ స్థానంలో తన బొమ్మతో అచ్చు వేయించాడు. కొన్ని చేతులు మారి చెలామణీలోకి వెళ్ళిపోయాయి, ప్రభుత్వం వాటిని స్వాధీనం చేసుకుంది. నల్లవాడి బొమ్మ అమెరికా నోటు మీద ఎప్పటికీ ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ అసలు నోటనుకోరు, ఇదీ అతని వాదన. కోడి జోకు గుర్తుందా? అదే పద్ధతి. వాళ్ళ నియమాన్ని అక్షరాలా పట్టుకుని వాళ్ళకే చూపించడం.

అప్పటికి అతని పని ఎక్కువగా కాలేజీల్లో. 1969లో 'లైట్ సైడ్, డార్క్ సైడ్' అని రెండు డిస్కుల రికార్డు వచ్చింది. పేరులోనే ఉంది విభజన: ఒకవైపు హాస్యం, ఇంకోవైపు ముఖం మీద చెప్పే మాట. ముందు నవ్విస్తాడు, తరువాత నవ్వు ఆపేసి యుద్ధం గురించీ, దేశం గురించీ చెబుతాడు. గంటకు పైగా వినే ఓపిక విద్యార్థులకు ఉంది. తాగడానికి వచ్చినవాడికి ఉండదు.

మోర్ట్ సాల్‌తో పోల్చి చూస్తే గ్రెగరీ తెలివి తెలుస్తుంది. సాల్ 1953 చివర్లో శాన్ ఫ్రాన్సిస్కోలోని హంగ్రీ ఐ క్లబ్బులో, స్వెటర్ వేసుకుని, చేతిలో పత్రిక పట్టుకుని, అమెరికాలో ఆధునిక రాజకీయ స్టాండప్‌కు దారి వేసినవాడు. 1960లో టైమ్ ముఖచిత్రం అయ్యాడు. అధ్యక్షుడు కెనెడీ హత్య తరువాత, దాని మీద ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్ నివేదికను వేదిక మీదే చదవడం మొదలుపెట్టాడు. అతని అనుమానాలు సరైనవా కాదా అన్నది వేరే చర్చ. వచ్చినవాళ్ళు నవ్వడానికి టిక్కెట్టు కొన్నారు, నివేదిక విన్నారు. అవకాశాలు ఎండిపోయాయి. గ్రెగరీకి కూడా ఆ హత్య మీద అనుమానాలున్నాయి. 1975 మార్చిలో ఆ హత్య జరుగుతుండగా తీసిన జప్రూడర్ ఫిల్మును జాతీయ టెలివిజన్‌లో మొదటిసారి చూపించిన కార్యక్రమంలో అతను ఉన్నాడు. కానీ ఆ మాట చెప్పడానికి క్లబ్బును వాడుకోలేదు. అప్పటికే క్లబ్బులు మానేశాడు.

మానేసింది 1973లో. మద్యం, పొగ ఉన్న చోట ప్రదర్శన ఇవ్వనన్నాడు. ఆరోగ్యం గురించీ ఆహారం గురించీ బోధిస్తూ, రాత్రికి మాత్రం తాగించే హాలుకు జనాన్ని లాగడం కుదరదని అతని మాట. నిజాయితీ గల నిర్ణయం. వృత్తికి మాత్రం నష్టమే చేసిందని నేననుకుంటాను. కాలేజీకి వచ్చేది అప్పటికే ఒప్పుకున్నవాళ్ళు. ఫ్రోజెన్ ఫుడ్ అధికారులు అక్కడికి రారు. 1961లో చేసిన పని, అంటే ఒప్పుకోనివాడి చేత ముందు నవ్వించి తరువాత ఆలోచింపజేయడం, క్లబ్బులోనే సాధ్యం. తొంభైల మధ్యలో మళ్ళీ న్యూయార్క్ వేదిక ఎక్కాడు. 2017 ఆగస్టు 19న, 84వ ఏట చనిపోయే దాకా ప్రదర్శనలు ఇస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు 1961 నాటి రికార్డులోంచి కొన్ని నిమిషాలు వినిపిస్తాను. జోకులు మీకు దాదాపు తెలిసిపోయాయి, కాబట్టి వాటి మీద దృష్టి పెట్టకండి. నవ్వు లేచిన దగ్గర్నుంచి అతను తరువాతి మాట మొదలుపెట్టే దాకా ఎంతసేపు ఆగుతున్నాడో వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఎక్కడ అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాడో రాసుకోండి, విన్నాక అక్కడి నుంచి మాట్లాడుకుందాం.